గాంధారం ఎక్కడ జారింది?

సంగీతం నేర్చుకునే పిల్లలు, నేర్పించే అమ్మానాన్నలు పంపిన ప్రశ్నలకు విజయనగరం ఫిడేలు టీచరుగారి జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా గురువుల గురించే. మార్చాలా, ఉంచాలా, తిడుతున్నారు, తిట్టడం లేదు, ఫీజు పెంచారు, అసలు దొరకడమే లేదు. దసరా వెళ్లి, సిరిమాను సంబరం హడావుడి తగ్గాక తీరుబడిగా కూర్చుని రాస్తున్నాను. మొదటి ఉత్తరానికే చాలా చోటు పోయింది. మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి పదకొండేళ్లు. మూడేళ్లుగా మా ఊళ్లోనే ఒక పెద్దాయన దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్నాడు. ఇంకా తొలి పాఠాలు దాటి వర్ణం దాకా రాలేదు. అలంకారాలు మూడు కాలాల్లో వాయించమంటారు, ఓ వారం పోయాక మళ్లీ జంట వరసలకి తీసుకుపోతారు. విశాఖలో ఉన్న మా ఆడపడుచు కూతురు ఆన్‌లైన్ క్లాసులో చేరి ఏడాదిన్నరకే పది కీర్తనలు వాయించేస్తోంది. వారానికి రెండుసార్లు విజయనగరం తీసుకొచ్చే ఓపిక మాకుంది. మాస్టారిని మార్చమంటారా? మారిస్తే ఆయన మనసు కష్టపెట్టుకుంటారేమో అని కూడా ఉంది. – ఒక తల్లి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మాస్టారి సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం మీవాడు సాధన చేస్తుంటే వాడికి కనబడకుండా పక్కగదిలో కూర్చుని వినండి. మీకు సంగీతం రాకపోయినా ఫరవాలేదు. వాయిస్తూ వాయిస్తూ వాడంతట వాడే ఆగి, ఆ ముక్క మళ్లీ అందుకుంటున్నాడా? లేకపోతే మొదలెట్టిన దగ్గర్నుంచి ఆఖరిదాకా గూడ్సు బండిలా పోతూనే ఉన్నాడా? ఆగుతున్నాడంటే వేలు తప్పిన సంగతి చెవికి తెలుస్తోందన్నమాట. ఆ చెవి ఉంటే వర్ణం ఇవాళ కాకపోతే వచ్చే ఏడు వస్తుంది. ఆ చెవి లేకుండా పది కీర్తనలు పట్టించేస్తే, పదింటిలోనూ గాంధారం, అంటే సరిగమల్లో గ, అదే చోట జారుతుంది. నా దగ్గరికి అలాంటి పిల్లలు చాలామంది వచ్చారు. నేర్పడం కంటే మరిపించడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

వీణకి 24 మెట్లుంటాయి. హార్మోనియానికి రీడ్లుంటాయి. ఫిడేలుకి అలాంటి ఆసరా ఏదీ లేదు. నున్నటి నల్ల చెక్క, దాని మీద నాలుగు తీగలు, అంతే. వేలు గోరు మందం పక్కకి జరిగితే చాలు, స్వరం చెడిపోతుంది. ఆ చోటు కంటికి దొరకదు.

మీ మాస్టారు పిల్లాడిని అలంకారాల దగ్గరే ఎందుకు తిప్పుతున్నారో నాకు అర్థమైనంతలో చెబుతాను. మన ఫిడేలు తీగల్ని సపసప అని కడతాం. మాయామాళవగౌళ రాగంలో సరిగమల మధ్య ఎంతెంత ఎడం ఉంటుందో పదనిసల మధ్యా అంతే ఎడం. అంటే షడ్జమం తీగ మీద వేళ్లు ఎక్కడ పడతాయో, పక్కనున్న పంచమం తీగ మీదా సరిగ్గా అక్కడే పడతాయి. ఒక తీగ మీద స్థానాలు కుదిరితే రెండోది ఊరికే వచ్చేస్తుంది. తొలి పాఠాలు ఈ రాగంలో పెట్టింది పురందరదాసు అంటారు. ఆయన పోయిన రెండు వందల ఏళ్ల తర్వాత గాని, ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ కాలానికి గాని, ఫిడేలు మన సంగీతంలోకి రాలేదు. అయినా ఫిడేలు పిల్లల మీద దయతలచే పెట్టారేమో అనిపిస్తుంది నాకు. అక్కడ నిలబడి వేళ్లు కుదిరేదాకా కదలనివ్వని మాస్టారు దొరికారంటే మీవాడు అదృష్టవంతుడే.

నా తొలి మాస్టారిది అయ్యకోనేరు గట్టు దగ్గర పెంకుటిల్లు. ఒకప్పుడు పౌరాణిక నాటకాలకి ఫిడేలు వాయించిన మనిషి. డిప్లొమాలూ సర్టిఫికెట్లూ ఏమీ లేవు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మొదటి రోజునే కమాను కర్రకి సరిగ్గా మధ్యలో పసుపు దారం కట్టి, "ఈ దారం నుంచి కొసదాకానే లాగాల. ఇటు రాకూడదు" అన్నారు. నెలరోజులు ఆ సగం కమానుతోనే, ఒక్క తీగ మీద, ఒక్క సా. ఎడమ చేతికి అసలు పనే లేదు, ఒళ్లో పెట్టుకు కూర్చోమనేవారు. ఇంటికెళ్లి మా అమ్మతో, "ఇదేం ఫిడేలే, గానుగ తిప్పినట్టుంది" అన్నాను.

రెండో నెలలో వేళ్లు మొదలయ్యాయి. ఆయన నాకెదురుగా కూర్చునేవారే కాదు. పెరట్లో నూతి దగ్గర మల్లెపాదులకి నీళ్లు పోస్తూనో, పంచె జాడించుకుంటూనో ఉండేవారు. లోపల నా వేలు జారగానే అక్కడి నుంచి కేక: "గాంధారం!" సర్దుకుని మళ్లీ మొదలెట్టేదాన్ని. రెండు నిమిషాలు పోకుండానే ఇంకో కేక: "నిషాదం!" ఇలాగే ఏడాది గడిచింది. ఒకరోజు వాయిస్తుంటే గాంధారం ఓ పక్కకి వాలినట్టు అనిపించింది. ఆగాను. పెరట్లోంచి కేక రాలేదు. వేలు సర్దుకుని మళ్లీ అందుకున్నాను. ఆయన తడి చేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఏటే, నాను కేకెయ్యకుండానే ఆగిపోనావేటి?" అన్నారు. ఆ వేళ పాఠం అక్కడితో ఆపేసి, చేతిలో బెల్లం ముక్క పెట్టి ఇంటికి పంపేశారు.

నాకు వర్ణం మొదలయ్యేసరికి నాలుగో ఏడు నడుస్తోంది. మీవాడికి ఇంకా మూడేళ్లే కదమ్మా.

ఇక మార్చడం సంగతి. మార్చకూడదని నేననను. 1974లో, నాకు పద్నాలుగేళ్లప్పుడు, ఆ మాస్టారే నన్ను రిక్షాలో కూర్చోబెట్టుకుని మ్యూజిక్ కాలేజీకి తీసుకెళ్లారు. ఇస్త్రీ పంచె కట్టుకోగా ఆయన్ని చూడటం నాకదే మొదలు. కాలేజీలో ఫిడేలు లెక్చరరు గారు ఆయన కంటే పదిహేనేళ్లయినా చిన్న. ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నా దగ్గరున్నది అయిపోయిందండి. కల్పన స్వరం నాకు చేతకాదు. పిల్లకి చెవుంది, చూడండి" అన్నారు. నేను అక్కడే ఏడుపు మొదలెట్టాను. నన్ను వదిలించుకుంటున్నారనుకున్నాను. బయటికొచ్చాక, "ఏడుపెందుకే? ఆదివారం ఆదివారం రా. ఇక్కడ నేర్చుకున్నది నాకు వినిపించు" అన్నారు. వెళ్లాను, చాలా ఏళ్లు వెళ్లాను. నేను కల్పన స్వరం అప్పటికప్పుడు అల్లి వాయిస్తుంటే ఆయన ఒడిలో ఫిడేలు పెట్టుకుని మెల్లగా నా వెనకాల వాయించుకునేవారు. డెబ్భై దాటిన మనిషి, తన శిష్యురాలి దగ్గర నేర్చుకున్నారు.

కాలేజీలో పద్ధతి వేరు. అక్కడి లెక్చరరుగారు ఫిడేలు ముట్టుకోనివ్వకుండా, "ముందు పాడు" అనేవారు. నా గొంతు బొంగురు. అయినా సరే, పాడలేని సంగతి వాయించకూడదు. ఇది ఆ కాలేజీకి పాత అలవాటే అనుకుంటాను. నేదునూరి కృష్ణమూర్తిగారు 1940లో ఇక్కడ చేరి ఫిడేలూ గాత్రమూ రెండూ నేర్చుకున్నారు. ఆ తర్వాత 1949 నుంచి శ్రీపాద పినాకపాణిగారి దగ్గర చేరి, గాత్రంలోనే అంత పేరు తెచ్చుకున్నారు. నూకల చినసత్యనారాయణగారిదీ ఇంచుమించు అదే దారి. ఫిడేలు మంగళంపల్లి పట్టాభిరామయ్యగారి దగ్గర, ఆపైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి దగ్గర, గాత్రం పినాకపాణిగారి దగ్గర. నాయుడుగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. 1919లో కాలేజీ పెట్టినప్పుడు విద్యార్థిగా చేరదామని వస్తే, ఆయన వాయింపు విని పాఠం చెప్పడానికి పెట్టుకున్నారని మా ఊళ్లో ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. ఆ వాయింపుకి పునాది వేసింది సొంత అన్నగారు వెంకటకృష్ణయ్యగారు. ఇంతమందిలో ఎవరూ ఒక్క గురువుతో సరిపెట్టుకోలేదు. తొలి గురువుని తక్కువ చేసి మాట్లాడనూ లేదు.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. పళ్లు పట్టుకుని మాస్టారింటికి వెళ్లండి. "మావాడు ఇంకా ఏమేం నేర్చుకోవాలి? అందులో మీ దగ్గర ఏది, ఇంకొకరి దగ్గర ఏది?" అని సూటిగా అడగండి. అడిగినందుకు కోపగించుకుంటే అప్పుడు ఆలోచిద్దాం. నాకు మాత్రం ఆయన కోపగించుకోరనే అనిపిస్తోంది. ఒక్క పని మాత్రం చెయ్యొద్దు: ఆయనకి తెలియకుండా ఇంకో చోట చేర్పించడం. ఈయన కమాను ఒకలా లాగమంటే ఆయన ఇంకోలా లాగమంటారు. మధ్యలో పిల్లాడి మణికట్టు రెండింటికీ చెడుతుంది.

ఆన్‌లైన్ క్లాసుని నేను తీసిపారెయ్యను. అమెరికాలో ఉన్న మనవరాలి వరస పిల్లకి నేనూ ఫోన్లోనే చెబుతున్నాను. కానీ పిల్ల వాయించింది నాకు చేరేసరికి ఒక క్షణం ఆలస్యం. ఇద్దరం కలిసి వాయించే వీల్లేదు. కమాను కీచుమన్నా ఆ చప్పుడుని ఫోనే మింగేస్తుంది. మోచెయ్యి పైకి లేస్తుంటే చెయ్యి చాపి దించలేను. వర్ణాలు దాటిన పిల్లలకి పనికొస్తుంది. మొదటి మూడేళ్లకి మాత్రం పెరట్లోంచి కేకేసే మనిషి కావాలి.

ప్రశ్న: ఘంటసాలగారు విజయనగరంలో ఇంటింటికీ తిరిగి అన్నం అడుక్కుని సంగీతం నేర్చుకున్నారంటారు. ఎంతవరకు నిజం? మా మనవలకి చెబితే నమ్మడం లేదు, నవ్వుతున్నారు. – రిటైర్డ్ ఉద్యోగి, సాలూరు

జవాబు: నిజమేనండి. దాన్ని మధూకరం అనేవారు. తుమ్మెద పువ్వు పువ్వునా కాస్త తేనె తీసుకున్నట్టు, ఇంటికో ముద్ద. చదువుకునే కుర్రాళ్లకి అప్పట్లో అందులో నామోషీ లేదు. వారాలు చేసుకుని చదువుకున్నవాళ్లు మా పెద్దల్లో కూడా ఎందరో ఉన్నారు.

ఆయన గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. ఉంగరం అమ్ముకుని ఇక్కడికి వచ్చేసరికి వేసవి సెలవులు, కాలేజీ మూసేసి ఉంది. ఆయన్ని దగ్గరికి తీసి పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రిగారు. మీ సాలూరు చిన్న గురువుగారు. మీ మనవలకి ఈ ముక్క ముందు చెప్పండి, మన ఊరాయనే అని. శాస్త్రిగారు అప్పటికి ఉన్నవారేమీ కాదు. విద్య ఉచితంగా చెప్పగలిగారు గానీ రోజూ అన్నం పెట్టే స్తోమత లేదు. అందుకే జోలె పట్టాల్సి వచ్చింది.

ఒక మనవి. "ఆయన అడుక్కుని నేర్చుకున్నాడు, మీకు అన్నీ అమరినా ఏడుస్తున్నారు" అని మాత్రం అనకండి. అలా అంటేనే పిల్లలు నవ్వుతారు. సెలవుల్లో ముక్కూ మొహం తెలియని కుర్రాడు వస్తే, చేతిలో పైసా లేని మనిషి ఎందుకు చేరదీశాడో అడగండి. మా ఇంట్లో పిల్లలు ఆ ప్రశ్నకి చాలాసేపు మాట్లాడారు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో ఏడు. ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, వీడియోలు చూసి పట్టుకున్నాను. పెళ్లిళ్ల సీజన్లో రాత్రికి పదిహేను వందల దాకా వస్తాయి, ఇంటికి ఆసరా. ఇప్పుడు కర్ణాటక సంగీతం నేర్చుకోవాలని ఉంది. పందొమ్మిదేళ్లు వచ్చాక కష్టమంటున్నారు. ఆర్కెస్ట్రా మానేస్తే తప్ప చెప్పనని ఒకరన్నారు. టెన్షన్‌గా ఉంది. – ఒక విద్యార్థి, ఆమదాలవలస

జవాబు: ఆర్కెస్ట్రా మానకు బాబూ. ఇంటికి డబ్బు అవసరం, అది ముందు.

వయసు సంగతికొస్తే, పందొమ్మిదేళ్లకి వేళ్లు మొండికేస్తాయి, నిజమే. బుర్ర మాత్రం బాగా పనిచేస్తుంది. పదేళ్ల పిల్లకి నెల పట్టేది నీకు వారంలో అర్థమవుతుంది. ఉద్యోగం, సంగీతం రెండూ కుదరవనే వాళ్లకి మీ జిల్లాలోనే జవాబుంది. శ్రీపాద పినాకపాణిగారు 1913లో శ్రీకాకుళం జిల్లా ప్రియ అగ్రహారంలో పుట్టారు. వృత్తికి డాక్టరు. విశాఖలోనూ కర్నూలులోనూ మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పారు. ఆసుపత్రి పని చూసుకుంటూనే నేదునూరి, నూకల, వోలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం లాంటి వాళ్లని తయారుచేశారు. నువ్వు రాత్రి ప్రోగ్రాం చేసి పొద్దున్నే సరళీ వరసలు పాడితే తప్పేం లేదు. తొమ్మిదింటిదాకా నిద్రపోతే మాత్రం కుదరదు.

కీబోర్డు మీద కర్ణాటకం మొదలెట్టకు. మీట నొక్కితే స్వరం నిలువుగా పలుకుతుంది, స్వరాన్ని ఊపే గమకం రాదు. తోడి గాంధారం ఊగాలి, మీట ఊగదు. రెండేళ్లు గాత్రం నేర్చుకో. గొంతు బాగుందా లేదా అని చూసుకోకు, నాదీ బొంగురే అని పైన రాశాను. మీ ఊరి నుంచి విజయనగరం రైల్లో గంట పైచిలుకే. మ్యూజిక్ కాలేజీలో సర్టిఫికెట్ కోర్సు 4 ఏళ్లు, ఆపైన డిప్లొమా 2 ఏళ్లు. డిగ్రీ చదువుతూ చేరడానికి ఏ వేళ క్లాసులున్నాయో నేరుగా వెళ్లి అడుగు.

ఆర్కెస్ట్రా వల్ల చెవి చెడుతుందన్న మాట నేను ఒప్పుకోను. పాడేవాడు ఉన్నట్టుండి శ్రుతి మారిస్తే పట్టుకోవడం, చరణం మర్చిపోతే కమ్మేయడం నీకు ఈపాటికే వచ్చుంటాయి. కాలేజీలో ఎవరూ నేర్పరు అవి. నాకు నేర్పింది హరికథ పందిళ్లు.

మా వీధిలో ఒక మృదంగం తాతగారుండేవారు. ఆయనకీ ఫిడేలుకీ సంబంధం లేదు, నాకు ఒక్క పాఠమూ చెప్పలేదు. కాలేజీలో మూడో ఏడు చదువుతున్నప్పుడు, ఫిడేలు వాయించేవారు రాలేదని నన్ను గజపతినగరం తీసుకెళ్లారు. వినాయక చవితి పందిరి, రుక్మిణీ కల్యాణం కథ. హరికథలో భాగవతారుగారు ఏ రాగం ఎప్పుడు ఎత్తుకుంటారో ముందు చెప్పరు. మాట మాట్లాడుతూ మాట్లాడుతూ పద్యంలోకి వెళ్లిపోతారు, వెనకాల ఫిడేలు అందుకోవాలి. ఆయన చిరతలు ఆపి ఒక పద్యం ఎత్తుకుని సరిగపద అని పైకి వెళ్లారు. నాకు బిలహరి అనిపించింది. మోహనకీ బిలహరికీ పైకి వెళ్లేటప్పుడు స్వరాలు ఒకటే కదా. దిగేటప్పుడు బిలహరిలో నిషాదం వస్తుంది. ఆయన దిగేదాకా ఆగచ్చు. ఆగితే నేనెందుకవుతాను, కాలేజీ పిల్లని! నాకు తెలిసిపోయిందన్నట్టు ముందే నిషాదం పలికించేశాను. ఆయన పాడుతున్నది మోహన. అందులో నిషాదమే లేదు.

ఆయన పాట ఆపి నావైపు తిరిగారు. "ఇదిగో, రాయబారం వెళ్లకముందే రుక్మి వచ్చి అడ్డం పడ్డాడు!" అన్నారు. పందిరంతా ఘొల్లుమంది. రుక్మిణి పెళ్లికి అడ్డుపడ్డ అన్నగారు నా నిషాదం.

ఆఖరి బస్సులో తిరిగొస్తుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తాతగారు తిట్టలేదు, ఓదార్చనూ లేదు. "ఊరొచ్చేదాకా మోహన పాడుకుంటూ రా. నాను మోకాలి మీద తాళం ఎడతాను. నిషాదం దూరితే తాళం ఆపేస్తాను, అంతే" అన్నారు. బస్సు నిండా జనం. గొంతులోనే గొణుక్కుంటూ పాడాను. బొండపల్లి దాటేలోగా మూడుసార్లు తాళం ఆగింది. ఆ తర్వాత ఆగలేదు. ఇవాళ్టికీ ఎవరైనా సరిగపద అని పైకి వెళ్తే, దిగేదాకా నా కమాను గాల్లో ఆగుతుంది.

నీకు పాఠం చెప్పే గురువుతో పాటు అలాంటి లయ తెలిసిన పెద్దమనిషిని ఒకర్ని చూసుకో. డప్పు వాయించేవారైనా సరే, తబలా అయినా సరే. ఆర్కెస్ట్రా మానితే గాని చెప్పనన్న ఆయన్ని అలా ఉండనీ, ఇంకొకరిని వెతుక్కో.

ప్రశ్న: నాకు పదిహేనేళ్లు. వయొలిన్ క్లాసులో తప్పు వాయిస్తే సార్ కమానుతో వేళ్ల మీద కొడతారు. అందరి ముందూ ఇంట్లోవాళ్లని కూడా కలిపి తిడతారు. అమ్మకి చెబితే పాతకాలం గురువులు అలాగే ఉండేవారు, విద్య రావాలంటే పడాలి అంటోంది. నాకు ఫిడేలు చూస్తేనే భయం వేస్తోంది. – ఒక అమ్మాయి, బొబ్బిలి

జవాబు: అమ్మలూ, ఈ పేజీ మీ అమ్మకి చూపించు. ఇకపై రాసేది ఆవిడకి.

అమ్మా, మీ అమ్మాయి సంగీతమంతా ఆ నాలుగు వేళ్లలో ఉంది. వాటి మీద కొట్టేవాడు నేర్పుతున్నది ఏమీ లేదు. పాతకాలం గురువులు తిట్టేవారు, నిజమే. నేనూ తిట్టాను నా పిల్లల్ని, ఒకరిద్దరికి ఇప్పుడు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాలనిపిస్తుంది. కానీ తప్పు జరగ్గానే దెబ్బ పడితే పిల్ల చెవి స్వరం మీద ఉండదు, ఆ చెయ్యి మీద ఉంటుంది. వెంటనే మాన్పించండి. ఇంకో టీచరు దొరికేదాకా ఇంట్లోనే శ్రుతి పెట్టుకుని తనకి వచ్చిన గీతాలు వాయించుకోమనండి, రోజుకి అరగంట చాలు. భయం పోవడానికి కొన్నాళ్లు పడుతుంది, తొందరపెట్టకండి.

అమ్మాయీ, ఇది నీకు. పెద్ద విద్వాంసులైనంత మాత్రాన వాళ్ల ప్రతి మాటా పడక్కర్లేదు. నాకు ఇరవై మూడేళ్లప్పుడు ఒక సభలో పక్కవాద్యానికి పిలిచారు. పాడటానికి వచ్చినాయన పేరున్న గాయకుడు. నేను ఫిడేలు శ్రుతి చేసుకుంటుంటే చూసి, నిర్వాహకుల్ని పక్కకి పిలిచి, "ఆడపిల్ల వాయిస్తే నేను కూర్చోను" అన్నారు. నాకు వినబడేలాగే అన్నారు. వాళ్లు వచ్చి నన్ను లేవమన్నారు. ఫిడేలు పెట్టెలో పెట్టుకుని, స్టేజీ వెనక మెట్ల మీద కూర్చున్నాను. ఇంతలో మా మృదంగం తాతగారు మృదంగానికి గలేబు తొడుగుతూ నా పక్కకి వచ్చి కూర్చున్నారు. "అయితే నాక్కూడా ఇక్కడ పన్లేదు" అన్నారు. కచేరీ గంట ఆలస్యమైంది. చివరికి ఆ గాయకుడు ఎవరినో తెప్పించుకుని పాడారు, మేమిద్దరం గంటస్తంభం దగ్గర టీ తాగి ఇళ్లకి వెళ్లిపోయాం. ఆ రోజు ఆయనకి రావలసిన డబ్బులు పోయాయి. నేను అడిగితే, "టీకి నువ్వే ఇచ్చావు కదేటి" అన్నారు.

నీ పక్కన అలా వచ్చి కూర్చునేవాళ్లు ఎవరున్నారో చూసుకో.

ప్రశ్న: తొమ్మిదేళ్ల పాపకి వయొలిన్ కొనాలి. ఏది కొనమంటారు? పెద్దదే కొంటే పెద్దయ్యాక కూడా పనికొస్తుంది కదా? – ఒక తండ్రి, నరసన్నపేట

జవాబు: పెద్ద చెప్పులు కొని దూది కూరినట్టే ఉంటుంది. వద్దు. పాప ఎడమ చెయ్యి పూర్తిగా చాపితే, ఫిడేలు చివరి చుట్ట అరచేతిలో అమరాలి. తొమ్మిదేళ్లకి మామూలుగా సగం సైజో, ముప్పావు సైజో సరిపోతుంది. కొత్తదే కావాలని లేదు. మీ చుట్టుపక్కల నేర్చుకుని మానేసిన పిల్లలుంటారు, వాళ్ల అటక మీద ఒకటి దొరుకుతుంది. తీసుకునే ముందు టీచరుకి చూపించండి. బిరడలు జారుతున్నాయా, చెక్క పగిలిందా అన్నది చూస్తే చాలు. తీగలు ఎలాగూ కొత్తవి వేయించాలి. కమాను వెంట్రుకలకి రోజిన్ పట్టించకుండా లాగితే చప్పుడే రాదు. ఫిడేలు పాడైందని దుకాణానికి తిరిగి పట్టుకెళ్లిన నాన్నలున్నారు, అందుకని చెబుతున్నాను.

ఇంటికి తెచ్చాక కమాను కర్ర మధ్యలో ఒక పసుపు దారం కట్టండి. ఎందుకో పైన రాశాను.